తేదీని బట్టి లైన్ రంగు మారాలంటే: పవర్ బీఐలో శ్రీశైలం మట్టం చార్ట్‌తో

ముందు మీ సమస్యని నాకు అర్థమైనట్టు చెప్తాను, తేడా ఉంటే సరిచేయండి. శ్రీశైలం, నాగార్జునసాగర్ రోజువారీ నీటిమట్టాలతో పవర్ బీఐలో (డేటాని చార్టులుగా చూపించే మైక్రోసాఫ్ట్ ప్రోగ్రామ్) లైన్ చార్ట్ పెట్టారు. స్లైసర్‌లో, అంటే రిపోర్ట్ చూసేవాళ్లు తేదీ ఎంచుకునే పెట్టెలో, ఒక తేదీ ఎంచుకుంటే ఆ తేదీ వరకు గీత నీలంగా, ఆ తర్వాతది బూడిదరంగులో రావాలి. ఏమీ ఎంచుకోకపోతే ఇవాళ్టి తేదీ తీసుకోవాలి. దీనికోసం రీడింగుల టేబుల్‌లో "ముందు", "తర్వాత" అని ఒక క్యాలిక్యులేటెడ్ కాలమ్ (ఫార్ములాతో నిండే కాలమ్) కట్టి, లెజెండ్‌లో (ఏ పేరుకి ఏ రంగో తేల్చే చోట) వేశారు. ఇప్పుడు స్లైసర్ మార్చినా రంగు మారట్లేదు, రెండు రంగులు కలవాల్సిన చోట గీత తెగిపోతోంది, పైగా తెల్లవారుజామున షిఫ్ట్‌లో ఉన్నవాళ్లు తెరిస్తే ఒక రోజు వెనకబడి కనిపిస్తోంది.

ఈ మూడూ మూడు వేరువేరు జబ్బులు. ఒకే మందుతో పోవు, కానీ ఒక్కొక్కటీ చిన్నదే.

మొదటిది. క్యాలిక్యులేటెడ్ కాలమ్ విలువ డేటా రిఫ్రెష్ అయినప్పుడు ఒకసారి లెక్కకట్టి టేబుల్‌లో నిల్వ ఉండిపోతుంది. ఆ తర్వాత స్లైసర్‌లో మీరు ఏం నొక్కినా దానికి తెలియదు, తెలిసే అవకాశమే లేదు. స్లైసర్‌కి స్పందించేది మెజర్ అనే ఫార్ములా ఒక్కటే, ఎందుకంటే దాన్ని చార్ట్ గీసే ప్రతిసారీ మళ్లీ లెక్కకడతారు. పోనీ మెజర్‌ని తీసుకెళ్లి లెజెండ్‌లో వేద్దామంటే అక్కడ మెజర్‌ని పెట్టనివ్వదు, కాలమ్ మాత్రమే అడుగుతుంది. అందుకే లెజెండ్ దారిలో ఎంత దూరం వెళ్లినా మీకు కావాల్సింది దొరకదు, ఆ దారి వదిలేయండి.

అసలు లైన్ చార్ట్‌లో రంగు అనేది పాయింట్‌కి ఉండదు, సిరీస్‌కి, అంటే ఒక్కో గీత మొత్తానికి, ఉంటుంది. కాలమ్ చార్ట్‌లో ప్రతి కడ్డీ విడి బొమ్మ కాబట్టి దేనికదే రంగు వేసుకోవచ్చు, కండిషనల్ ఫార్మాటింగ్ (నియమాన్ని బట్టి రంగు వేయడం) హాయిగా పనిచేస్తుంది. లైన్ మాత్రం మొదటి పాయింట్ నుంచి చివరిదాకా ఒకటే గీత. సగం నీలం, సగం బూడిద కావాలంటే రెండు సిరీస్‌లు కావాలి, అంటే రెండు మెజర్లు. ముందు కాలమ్ చార్ట్‌గా పెట్టి, రంగు నియమం రాసి, ఆ తర్వాత విజువల్‌ని లైన్‌గా మార్చే చిట్కా ఒకటి ఇంటర్నెట్‌లో తిరుగుతూ ఉంటుంది. సరదాకి చేసి చూడండి, తప్పులేదు. కానీ ఆఫీసులో పదిమంది ఆధారపడే రిపోర్ట్‌లో అది వాడొద్దనే చెప్తాను. ఆ నియమం ఎక్కడ దాక్కుందో మీ తర్వాత వచ్చినవాళ్లకి అర్థం కాదు, మార్చాలంటే మళ్లీ కాలమ్ చార్ట్‌కి వెళ్లి రావాలి, ఏదో ఒక నెల అప్‌డేట్‌లో అది మాయమైతే అడగడానికి ఎవరూ ఉండరు.

కాబట్టి పని ఇలా మొదలుపెట్టండి. స్లైసర్ కోసం విడిగా ఒక తేదీల టేబుల్ కావాలి, దానికి మిగతా ఏ టేబుల్‌తోనూ రిలేషన్‌షిప్ (టేబుళ్లని కలిపే లింకు) ఉండకూడదు. మీ మామూలు క్యాలెండర్ టేబుల్ నుంచే స్లైసర్ పెడితే, తేదీ ఎంచుకోగానే చార్ట్ మొత్తం ఆ ఒక్క రోజుకి ఫిల్టర్ అయి ఒక్క చుక్క మిగులుతుంది. కొందరు ఇక్కడ ఎడిట్ ఇంటరాక్షన్స్‌లోకి వెళ్లి స్లైసర్‌కీ చార్ట్‌కీ మధ్య సంబంధం తీసేస్తారు. అప్పుడు చార్ట్ ఫిల్టర్ అవ్వదు, నిజమే, కానీ ఎంచుకున్న తేదీ కూడా చార్ట్‌లోని మెజర్‌కి చేరదు. రిలేషన్‌షిప్ లేని విడి టేబుల్ ఉంటే రెండు చిక్కులూ ఉండవు.

తర్వాత కటాఫ్ (రంగు మారాల్సిన తేదీ) అని ఒక మెజర్ రాయండి. సెలెక్టెడ్‌వాల్యూ ఫంక్షన్‌కి మొదటి స్థానంలో ఆ విడి టేబుల్ తేదీ కాలమ్ ఇవ్వండి, రెండో స్థానంలో ఏదీ ఎంచుకోనప్పుడు వాడాల్సిన విలువ, అంటే ఇవాళ్టి తేదీ ఇవ్వండి. "ఇవాళ" ఎలా రాయాలనే గొడవ కింద చెప్తాను, ప్రస్తుతానికి అది సరిగ్గా ఉందనుకుందాం.

ఇప్పుడు అసలు రెండు మెజర్లు. మొదటిది: చార్ట్‌లో ఆ పాయింట్ తేదీ కటాఫ్ కన్నా చిన్నదైనా, దానికి సమానమైనా మట్టం ఇవ్వు, లేకపోతే బ్లాంక్ ఇవ్వు. రెండోది: తేదీ కటాఫ్ కన్నా పెద్దదైనా, సమానమైనా మట్టం ఇవ్వు, లేకపోతే బ్లాంక్. రెండింటిలోనూ "సమానం" ఉందని గమనించండి. అది లేకపోవడమే మీ గీత తెగిపోవడానికి కారణం. నీలం గీత 30 సెప్టెంబర్‌తో ఆగి, బూడిద గీత 1 అక్టోబర్‌తో మొదలైతే, ఆ రెండు చుక్కల మధ్య ముక్క ఎవరిదీ కాదు, ఏ సిరీసూ దాన్ని గీయదు. కటాఫ్ రోజు పాయింట్ రెండు సిరీస్‌లలోనూ ఉంటేనే అతుకు పడుతుంది.

బ్లాంక్ అన్నాను కదా, నిజంగా బ్లాంకే ఇవ్వాలి. సున్నా కాదు, ఖాళీ టెక్స్ట్ కాదు. కార్డుల్లో ఖాళీ కనిపించకూడదని మెజర్ చివర సున్నా కలిపే అలవాటు చాలామందికి ఉంది. అలాంటి మట్టం మెజర్‌ని ఇక్కడ వాడారంటే బ్లాంక్ రావాల్సిన చోటల్లా సున్నా వచ్చి, 885 అడుగుల దగ్గర నడుస్తున్న శ్రీశైలం గీత ఒక్కసారిగా నేలకి పడిపోతుంది. ఆనకట్ట తెగిందా అని పైనుంచి ఫోన్ వచ్చినా ఆశ్చర్యం లేదు.

ఇక్కడిదాకా చేస్తే చాలామందికి పని అయిపోతుంది. మీకు మాత్రం ఇంకో రెండు గోతులు ఉన్నాయి.

ఒకటి, రీడింగ్ లేని రోజు. ఎంచుకున్న తేదీన ఏ కారణంగానో మట్టం నమోదు కాలేదనుకోండి. అప్పుడు రెండు సిరీస్‌లకీ ఉమ్మడి పాయింట్ ఉండదు, గీత మళ్లీ తెగుతుంది. పరీక్షించేటప్పుడు ఇది కనిపించదు, మనం ఎప్పుడూ డేటా ఉన్న తేదీలే నొక్కి చూస్తాం కాబట్టి. అందుకని ఎంచుకున్న తేదీని నేరుగా వాడకుండా, ఆ తేదీకి ముందుగానీ ఆ రోజునగానీ రీడింగ్ ఉన్న ఆఖరి తేదీ ఏదో కనుక్కుని దాన్ని కటాఫ్‌గా పెట్టండి. రీడింగుల టేబుల్‌లో, ఎంచుకున్న తేదీ దాటకుండా ఉన్న గరిష్ఠ తేదీ అన్నమాట. ఇవాళ్టి రీడింగ్ ఇంకా రాని ఉదయం పూట కూడా ఇదే మిమ్మల్ని కాపాడుతుంది.

రెండో గొయ్యి దాన్ని రాయడంలోనే ఉంది. గరిష్ఠ తేదీని మామూలుగా మ్యాక్స్‌తో రాస్తే, చార్ట్‌లో ప్రతి పాయింట్ దగ్గరా మెజర్ ఆ పాయింట్ తేదీకే ఫిల్టర్ అయి ఉంటుంది కాబట్టి, గరిష్ఠ తేదీ కూడా ఆ పాయింట్ తేదీయే వస్తుంది. ప్రతి తేదీ తన కటాఫ్ తనే అయిపోతే, కటాఫ్‌కి ముందున్న గీతంతా నీలమూ అవుతుంది, బూడిదా అవుతుంది, ఒకదాని కింద ఒకటి పడిపోతాయి. ఫార్ములా తప్పేం కనిపించదు, జుట్టు పీక్కుంటారు. క్యాలిక్యులేట్ ఫంక్షన్ లోపల క్యాలెండర్ టేబుల్ మీద ఫిల్టర్ తీసేయమని రిమూవ్‌ఫిల్టర్స్ ఇచ్చి, ఆ తర్వాత ఎంచుకున్న తేదీ నిబంధన పెట్టండి. ఎంచుకున్న తేదీని ముందే ఒక వేరియబుల్‌లో పట్టుకుని ఉంచుకుంటే చదవడానికీ బాగుంటుంది. క్యాలెండర్ మీద ఫిల్టర్ మాత్రమే తీయండి, ప్రాజెక్టు మీద ఫిల్టర్ అలాగే ఉండనివ్వండి. అప్పుడు శ్రీశైలానికి దాని ఆఖరి రీడింగ్ తేదీ, సాగర్‌కి దాని తేదీ విడివిడిగా వస్తాయి.

ఇదంతా వద్దు, ఇంకా తేలిక దారి లేదా అంటే ఉంది. మట్టం మొత్తాన్నీ బూడిదరంగులో ఒక సిరీస్‌గా గీయండి, దాని మీద కటాఫ్ వరకు ఉన్న నీలం సిరీస్‌ని కాస్త మందంగా గీయండి. కింద బూడిద గీత ఎలాగూ మొత్తం పొడుగూ ఉంది కాబట్టి తెగే ప్రశ్నే లేదు, ఉమ్మడి పాయింట్ గొడవ లేదు, రెండో మెజరే అక్కర్లేదు. ఏది పైన వస్తోందో చూసుకుని వై (నిలువు) యాక్సిస్‌లో మెజర్ల వరుస మార్చుకోండి. దీని లోపం టూల్‌టిప్‌లో తెలుస్తుంది: గడిచిన ప్రతి తేదీ మీద మౌస్ పెడితే ఒకే విలువ రెండుసార్లు కనిపిస్తుంది. విడగొట్టే పద్ధతిలో ఆ రెట్టింపు కటాఫ్ రోజు ఒక్కటే వస్తుంది. మీ రిపోర్ట్‌ని గోడమీద పెద్ద తెరపై పెట్టి చూసేవాళ్లే ఎక్కువైతే నేనైతే ఈ తేలిక దారే పడతాను. మౌస్‌తో ఒక్కో రోజూ తడిమి చూసేవాళ్లుంటే విడగొట్టడమే మేలు, లేదా టూల్‌టిప్‌కి విడిగా ఒక రిపోర్ట్ పేజీ కట్టి అందులో మట్టం ఒక్కసారే చూపించవచ్చు.

ఇక "ఇవాళ" గొడవ. టుడే ఫంక్షన్ మీ లాప్‌టాప్‌లోని డెస్క్‌టాప్ ప్రోగ్రామ్‌లో మీ లాప్‌టాప్ గడియారం చూస్తుంది, అందుకే అక్కడ అంతా బాగుంటుంది. పబ్లిష్ చేశాక అది పవర్ బీఐ సర్వీస్‌లో, అంటే ఆన్‌లైన్‌లో, నడుస్తుంది, ఆ సర్వీస్ యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) టైమ్ చూస్తుంది. మనం యూటీసీకి 5 గంటల 30 నిమిషాలు ముందున్నాం. అంటే మనకి అర్ధరాత్రి తేదీ మారినా, ఉదయం 5:30 దాకా సర్వీస్‌కి ఇంకా నిన్నే. మీ తెల్లవారుజాము షిఫ్ట్ వాళ్లకి ఒక రోజు వెనక కనిపించేది ఇందుకే. తొమ్మిదింటికి ఆఫీసుకొచ్చి తెరిచేవాళ్లకి ఈ తేడా జన్మలో కనిపించదు, "నా దగ్గర బాగానే ఉందే" అంటారు, వాళ్ల మాటా నిజమే.

మందు సులువు. టుడే బదులు యూటీసీనౌ తీసుకోండి, దానికి టైమ్ ఫంక్షన్‌తో 5 గంటల 30 నిమిషాలు కలపండి, వచ్చినదాంట్లోంచి ఏడాది, నెల, రోజు మాత్రం తీసి తేదీగా మార్చండి. గంటలు, నిమిషాలు తీసేయడం మర్చిపోవద్దు, లేకపోతే తేదీల పోలికలో "సమానం" ఎప్పటికీ నిజం కాదు, అతుకు మళ్లీ ఊడుతుంది. మన దేశంలో డేలైట్ సేవింగ్ (వేసవిలో గడియారాన్ని గంట ముందుకి జరపడం) లేదు కాబట్టి ఈ 5:30 ఏడాదంతా ఒకటే. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో కూర్చుని అక్కడి క్లయింట్‌కి ఇదే పని చేస్తున్న మనవాళ్లు మాత్రం ఇలా ఒకే అంకె కలిపి ఊరుకుంటే కుదరదు. అక్కడ వేసవికీ చలికాలానికీ గంట తేడా ఉంటుంది, పైగా చిక్కు తిరగబడి ఉంటుంది: సాయంత్రం కాగానే యూటీసీలో రేపు వచ్చేస్తుంది, గీత ఒక రోజు ముందుకి పోతుంది.

ఇంకొకటి అడగాలి మిమ్మల్ని. ఏదీ ఎంచుకోనప్పుడు కటాఫ్ ఇవాళ అంటున్నారు, మరి ఇవాళ తర్వాత బూడిదరంగులో చూపించడానికి డేటా ఏది? రేపటి మట్టం ఇంకా రాలేదు కదా. ఇక్కడ చాలామంది పోయినేడాది ఇదే తేదీల మట్టాన్ని తెచ్చి, ఇవాళ్టి చుక్కకి అతికించి, బూడిదరంగులో కొనసాగిస్తారు. దయచేసి అలా చేయొద్దు. పోయినేడాది ఈ రోజు 870 అడుగులు, ఈ ఏడాది 882 అడుగులు ఉందనుకోండి, అతికించిన గీత ఒక్క రోజులో 12 అడుగులు పడిపోయినట్టు చూపిస్తుంది. అంచనా లెక్క ఉంటే దాన్ని ఇవాళ్టి చుక్క నుంచి మొదలుపెట్టి గీయవచ్చు, అది అంచనాయే కాబట్టి డ్యాష్ గీతగా పెట్టండి, న్యాయంగా ఉంటుంది. పోయినేడాదిని చూపించాలంటే దాన్ని జూన్ నుంచి మే దాకా పూర్తిగా, విడి గీతగా, సన్నగా వెనకాల పెట్టండి. రెండేళ్ల మధ్య తేడా ఎంతో చూసేవాళ్లకి అదే కనిపిస్తుంది.

ఆ మాటకొస్తే మీకు నిజంగా కావాల్సింది ఈ రెండోదేమో అని నా అనుమానం. కృష్ణా బేసిన్‌లో నీటి సంవత్సరం జూన్ 1న మొదలై మే 31తో ముగుస్తుంది. ఇంజనీర్లు మట్టాలు పోల్చేది ఆ లెక్కలోనే, జనవరి నుంచి డిసెంబర్ లెక్కలో కాదు. అలాంటప్పుడు అడ్డ యాక్సిస్‌లో అసలు తేదీ బదులు నీటి సంవత్సరంలో ఎన్నో రోజో వేయండి, జూన్ 1 ఒకటో రోజు. లెజెండ్‌లో నీటి సంవత్సరం వేయండి. ఇందాక లెజెండ్ వద్దన్నది ఒకే గీతని ముక్కలు చేయడానికి. ఇక్కడ ఏడాదికో గీత నిజంగానే విడి గీత, ఒకదానికొకటి అతుక్కోనక్కర్లేదు, కాబట్టి లెజెండే సరైన చోటు.

కానీ ఇందులోనూ తేదీతో రంగు మారే చిక్కు ఉంది, జూన్ 1న బయటపడుతుంది. లెజెండ్‌లో "2024-25", "2025-26" అని పేర్లు పెట్టి, ఈ ఏడాదికి ముదురు నీలం, పాతవాటికి బూడిద అని చేత్తో రంగులు వేశారనుకోండి. పవర్ బీఐ ఆ రంగుని ఆ పేరుకి కట్టేస్తుంది. మళ్లీ జూన్ రాగానే "2026-27" అనే కొత్త పేరు వస్తుంది, దానికి థీమ్‌లోంచి ఏదో ఒక రంగు పడుతుంది, పాతబడిన "2025-26" మాత్రం ముదురు నీలంలోనే మెరుస్తూ ఉంటుంది. అందుకని పేరుని తేదీకి కాకుండా వరసకి కట్టండి: "ఈ ఏడాది", "పోయినేడాది", "అంతకుముందు". నెల ఆరు గానీ అంతకన్నా ఎక్కువ గానీ అయితే ఆ ఏడాదే, లేకపోతే ముందటి ఏడాది, ఇదే నీటి సంవత్సరం లెక్క. ఇవాళ్టి నీటి సంవత్సరం నుంచి దాన్ని తీసేస్తే సున్నా, ఒకటి, రెండు వస్తాయి, వాటికి ఆ పేర్లు. రంగు ఒకసారి వేస్తే చాలు, ప్రతి జూన్‌లోనూ గీతలే వాటంతట అవి జరిగి తమ రంగులోకి వస్తాయి. దీన్ని మాత్రం క్యాలిక్యులేటెడ్ కాలమ్‌గా రాయవచ్చు, రోజుకోసారి రిఫ్రెష్ అయితే సరిపోతుంది. రిఫ్రెష్ ఉదయం 5:30 తర్వాత జరిగేలా పెట్టుకోండి, లేదా ఇందాకటి 5:30 కలిపిన తేదీనే ఇక్కడా వాడండి.

కొన్ని చిన్నచిన్నవి చెప్పేస్తాను. అడ్డ యాక్సిస్‌లో తేదీ వేయగానే పవర్ బీఐ దాన్ని ఏడాది, త్రైమాసికం, నెల అంటూ హైరార్కీగా మార్చేస్తుంది, దాన్ని మామూలు తేదీగా మార్చుకోండి. హైరార్కీలో నెల స్థాయిలో ఉన్నప్పుడు కటాఫ్ ఉన్న నెల ఎటు చెందాలో ఎవరూ చెప్పలేరు. మట్టాన్ని పవర్ బీఐ అలవాటుగా కూడేస్తుంది కూడా. నెల స్థాయిలో చూస్తే 885 అడుగులు 30 రోజులు కూడి 26,550 అడుగుల శ్రీశైలం తయారవుతుంది, ఎవరెస్టుకి కాస్త తక్కువ. మట్టానికి ఆ కాలంలోని ఆఖరి విలువ తీసుకోవాలి. వై యాక్సిస్ సున్నా నుంచి మొదలైతే 870కీ 885కీ తేడా కంటికి ఆనదు, ప్రాజెక్టుని బట్టి కింది హద్దు పెట్టుకోండి.

శ్రీశైలం పూర్తి మట్టం 885 అడుగులు, సాగర్‌ది 590. ఈ రెండింటినీ ఒకే యాక్సిస్ మీద వేసి పైగా ఒక్కోదాన్ని రెండు రంగులు చేద్దామంటే కుదరదు. రెండు మెజర్లు వై యాక్సిస్‌లో ఉంటే లెజెండ్‌లో ప్రాజెక్టు పెట్టనివ్వదు. స్మాల్ మల్టిపుల్స్‌లో ప్రాజెక్టు వేయండి, ఉమ్మడి వై యాక్సిస్ ఆఫ్ చేయండి, ఒక్కోదానికీ ఒక్కో చిన్న చార్ట్ వస్తుంది. లేదా అడుగులు వదిలేసి నిల్వ శాతం చూపించండి. శ్రీశైలానికి 215.81 టీఎంసీలు, సాగర్‌కి 312.05 టీఎంసీలు పూర్తి సామర్థ్యంగా పెట్టుకుంటే రెండూ ఒకే కొలతలోకి వస్తాయి. నాకైతే పై అధికారులకి శాతం, ఫీల్డ్ వాళ్లకి అడుగులు ఇవ్వడమే నచ్చుతుంది.

రంగు ఒక్కదాని మీదే భారం వేయకండి. రిపోర్ట్‌ని చివరికి ఎవరో ఒకరు నలుపు-తెలుపులో ప్రింట్ తీసి ఫైల్లో పెడతారు, అక్కడ నీలం, బూడిద ఒక్కటే. కటాఫ్ తర్వాతి గీతకి రంగుతో పాటు డ్యాష్ కూడా ఇవ్వండి, పవర్ బీఐలో సిరీస్‌కో గీత శైలి ఎంచుకోవచ్చు. ఎరుపు-ఆకుపచ్చ జంట వద్దే వద్దు, ఆ రెండింటికీ తేడా తెలియని మగవాళ్లు ప్రతి ఆఫీసులోనూ ఉంటారు, చెప్పరంతే. చార్ట్ టైటిల్‌కి కూడా మెజర్ ఇచ్చి "30 సెప్టెంబర్ 2025 వరకు" అని కటాఫ్‌ని రాయించండి. ఇవాళ అనుకుని చూస్తున్నది మొన్నటి రీడింగ్ అయితే చూసేవాళ్లకి అక్కడే తెలిసిపోతుంది. టైటిల్‌కి వాడేదీ, గీతలకి వాడేదీ ఒకే కటాఫ్ మెజర్ కావాలి. ఆ తేదీని రెండుచోట్ల విడివిడిగా లెక్కకట్టారంటే ఏదో ఒక రోజు రెండూ రెండు మాటలు చెప్తాయి.

మీ టీమ్‌లో ఇంకొకరు టాబ్లోలో (పవర్ బీఐ లాంటిదే ఇంకో ప్రోగ్రామ్) ఇదే చేస్తున్నారని రాశారు కాబట్టి దాని సంగతి. అక్కడ కూడా "ముందు", "తర్వాత" అనే డైమెన్షన్‌ని కలర్ మీద వేస్తే గీత ఇలాగే తెగుతుంది. తెగకుండా ఉండాలంటే కలర్ మీద వేసేది డిస్క్రీట్ (విడివిడి) పేరు కాకుండా కంటిన్యువస్ (కొనసాగే) అంకె కావాలి: తేదీ కటాఫ్ దాటితే ఒకటి, లేకపోతే సున్నా, దాన్ని మిన్‌తో అగ్రిగేట్ చేయండి. ఫీల్డ్ పేరు ఉండే చిన్న పట్టీని అక్కడ పిల్ అంటారు, నీలిరంగు పిల్ బదులు ఆకుపచ్చ పిల్ రావాలి, అదే గుర్తు. తర్వాత రంగుల పట్టీని రెండు మెట్లుగా కోయించండి. గీత ఒకటిగానే ఉండి రంగు మాత్రం మారుతుంది. కటాఫ్‌ని పారామీటర్‌గా పెట్టుకుంటే, 2020.1 వెర్షన్ నుంచి వర్క్‌బుక్ తెరిచిన ప్రతిసారీ దాని విలువ ఒక ఫీల్డ్ నుంచి తెచ్చుకునే సౌకర్యం ఉంది, ఆఖరి రీడింగ్ తేదీని దానికి ఇచ్చేయొచ్చు.

ఎక్సెల్‌లో అయితే రెండు పక్క కాలమ్‌లు, అదే రెండు మెజర్ల లెక్క. అక్కడ బ్లాంక్ అనే విలువని ఫార్ములా ఇవ్వలేదు, ఖాళీ కోట్స్ ఇస్తే సున్నాగా గీసేస్తుంది. ఎన్‌ఏ ఫంక్షన్ ఇవ్వండి. సెల్‌లో ఎర్రర్‌లా కనిపిస్తుంది కానీ చార్ట్ ఆ చుక్క గీయదు.

వెబ్ పేజీలో సొంతంగా కట్టేవాళ్లకి ఈ పని ఇంకా తేలిక. హైచార్ట్స్, ఈచార్ట్స్, చార్ట్‌జేఎస్, ప్లాట్లీ అనేవి చార్టులు గీసే కోడ్ లైబ్రరీలు. హైచార్ట్స్‌లో జోన్స్ అని ఉంది, జోన్‌యాక్సిస్‌ని ఎక్స్ అని పెట్టి, ఏ తేదీ దాకా ఏ రంగో, ఏ డ్యాష్ శైలో చెప్తే చాలు, డేటాని ముట్టుకోనక్కర్లేదు. ఈచార్ట్స్‌లో విజువల్‌మ్యాప్‌ని పీస్‌వైజ్‌గా పెట్టి, డైమెన్షన్ సున్నా ఇచ్చి, ముక్కలు రాయాలి. దాని నమూనాల్లోనే రోజులో కరెంటు వాడకం పీక్ గంటలని ఎరుపులో చూపించే చార్ట్ ఉంది, అదే చూసి రాసుకోవచ్చు. చార్ట్‌జేఎస్‌లో మూడో వెర్షన్ నుంచి సెగ్మెంట్ అనే ఆప్షన్ ఉంది, ప్రతి రెండు చుక్కల మధ్య ముక్కకీ ఒక ఫంక్షన్ పిలుస్తుంది, ఆ ముక్క మొదటి చుక్క తేదీ చూసి రంగు తిరిగి ఇవ్వాలి. వీటి మధ్య ఒక తేడా గుర్తుంచుకోండి: మొదటి రెండూ గీతని కచ్చితంగా ఆ తేదీ దగ్గరే కోస్తాయి, చార్ట్‌జేఎస్ మాత్రం ముక్క మొత్తానికీ ఒకటే రంగు వేస్తుంది. రోజువారీ డేటాలో తెలియదు గానీ నెలకో చుక్క ఉంటే కటాఫ్ సగం నెల జరిగిపోయినట్టు కనిపిస్తుంది. ప్లాట్లీలో ఒక ట్రేస్ గీతకి ఒకటే రంగు, కాబట్టి పవర్ బీఐలో లాగే రెండు ట్రేస్‌లు, ఉమ్మడి చుక్క. గ్రఫానా అనే డ్యాష్‌బోర్డ్ ప్రోగ్రామ్‌లో థ్రెషోల్డ్ (హద్దు) రంగులు విలువని బట్టి మారతాయి, తేదీని బట్టి కాదు, అక్కడా క్వెరీలోనే రెండుగా విడగొట్టాలి.

జావాస్క్రిప్ట్ వాడేవాళ్లకి 5:30 దయ్యం ఇంకో రూపంలో వస్తుంది. తేదీని "2025-06-01" అని మాత్రమే రాస్తే దాన్ని యూటీసీ అర్ధరాత్రిగా తీసుకుంటుంది, అంటే మన దగ్గర ఉదయం 5:30. అదే తేదీకి టైమ్ కూడా జతచేసి టైమ్ జోన్ చెప్పకుండా రాస్తే బ్రౌజర్ ఉన్న చోటి టైమ్‌గా తీసుకుంటుంది. డేటాలో ఒక రకం, కటాఫ్‌లో ఇంకో రకం రాశారంటే "సమానం" కుదరదు. పైగా హైచార్ట్స్ మామూలుగా యూటీసీలోనే తేదీలు చూపిస్తుంది. రెండింటినీ ఒకే పద్ధతిలో మిల్లీసెకన్లుగా మార్చుకుని అప్పుడు పోల్చండి. తేదీని టెక్స్ట్‌గా కాకుండా విడి అంకెలుగా ఇస్తే నెలల అంకె సున్నా నుంచి మొదలవుతుంది కాబట్టి జూన్ అంటే 5 అని కూడా గుర్తుపెట్టుకోండి.

మీరు ముందుగా చేయాల్సింది కటాఫ్ మెజర్‌ని ఒక కార్డ్‌లో పెట్టి, స్లైసర్‌లో రీడింగ్ లేని తేదీ ఒకటి కావాలనే నొక్కి చూడడం. కార్డ్‌లో దానికి ముందున్న రీడింగ్ తేదీ వస్తే చార్ట్ జోలికి వెళ్లండి. రాకపోతే ఆ మెజర్‌ని యథాతథంగా ఇక్కడ పెట్టండి, చూస్తాను.